రెండు నదుల కొసన కేరో ఎందుకు ఖాళీ అయింది

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం దక్షిణాన సన్నగిల్లి ఒక మొనగా ముగుస్తుంది. ఆ మొన మీద ఉన్న ఊరు కేరో. తూర్పు నుంచి ఒహాయో నది, పడమటి నుంచి మిసిసిపి నది వచ్చి కలిసేది ఇక్కడే. ఒడ్డున నిలబడితే ఎదురుగా ఒకవైపు కెంటకీ, మరోవైపు మిస్సౌరీ కనిపిస్తాయి. 1920 జనాభా లెక్కల్లో ఈ ఊళ్లో 15,203 మంది ఉన్నారు. 2020 లెక్కల్లో మిగిలింది 1,733 మంది.

దీనికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. స్టీమర్ల కాలం పోయింది, వంతెనలు వచ్చాయి, రహదారి పక్కనుంచి వెళ్లింది, ఊరు ఎండిపోయింది అని. అబద్ధం కాదు. అయితే అవే నదుల మీద, అవే స్టీమర్ల మీద బతికిన పొరుగు ఊళ్లు ఈ రోజుకీ నిలిచే ఉన్నాయి. కేరోకు మాత్రమే ఇంత ఎందుకు జరిగిందో నదులను అడిగితే జవాబు దొరకదు. ఆ ఊరిని చేతిలో పెట్టుకున్నవాళ్లు యాభై ఏళ్ల పాటు తీసుకున్న నిర్ణయాల్లో వెతకాలి. ఉన్నదాన్ని నల్లజాతి వారితో పంచుకోవడం కన్నా ఉన్నదాన్నే మూసేయడం వాళ్లకు మేలనిపించింది.

మొదట్లో ఊరికన్నా ముందు దాని వ్యాపారం పుట్టింది. 1818లో సెయింట్ లూయిస్ వర్తకులు కొందరు ఈ మొన మీద నగరం కడతామని అనుమతి తెచ్చుకున్నారు. ఆ ప్రయత్నం కాగితాల్లోనే ఆగింది. 1837లో డేరియస్ హాల్‌బ్రూక్ అనే వ్యాపారి కంపెనీ పెట్టి, లండన్ మదుపరులకు బాండ్లు అమ్మాడు. ఒక్కసారి పటం చూపిస్తే చాలు, రెండు మహానదుల సరుకంతా ఇక్కడ దిగక తప్పదని ఎవరైనా నమ్ముతారు. నేల పల్లంలో ఉందనీ, ఏటా మునుగుతుందనీ పటంలో కనిపించదు. 1840లో ఆ బాండ్లు అమ్మిపెట్టిన లండన్ సంస్థ కూలింది, దాంతో కంపెనీ కూడా పోయింది, వచ్చిన జనం తిరిగి వెళ్లిపోయారు. పదేళ్ల తర్వాత లెక్క వేస్తే మిగిలింది రెండున్నర వందల మంది కూడా లేరు.

ఊరికి ప్రాణం పోసింది ఇల్లినాయ్ సెంట్రల్ రైలుమార్గం. 1850లో అమెరికా కాంగ్రెస్ ఇచ్చిన భూములతో మొదలై 1856కు పూర్తయిన ఆ మార్గం, అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపడింది. దాని దక్షిణపు కొస కేరో. ఉత్తరాన పండిన ధాన్యం ఇక్కడ రైలు దిగి పడవ ఎక్కేది. న్యూ ఆర్లీన్స్ నుంచి వచ్చిన సరుకు పడవ దిగి రైలు ఎక్కేది. ఆ ఎక్కించి దింపే పని మీదే హోటళ్లు, గిడ్డంగులు, సారా దుకాణాలు నడిచాయి.

ఇంతలో అంతర్యుద్ధం వచ్చింది. 1861 సెప్టెంబరులో ఉత్తరాది సేనాని యులిసిస్ గ్రాంట్ తన సైనిక కేంద్రాన్ని ఇక్కడ పెట్టాడు. బానిసత్వం ఉన్న రెండు రాష్ట్రాల మధ్యకు చొచ్చుకుపోయిన స్వేచ్ఛా రాష్ట్రపు మొన ఇది. ఆ స్థలం విలువ ఆయనకు తెలుసు. వచ్చిన రెండు రోజులకే ఒహాయో మీద పైనున్న పెడూకాను ఆక్రమించాడు. 1862 ఫిబ్రవరిలో దక్షిణాది కోటలైన ఫోర్ట్ హెన్రీ, ఫోర్ట్ డోనల్సన్ మీదికి సాగిన దండయాత్రకు కూడా ఇదే స్థావరం. పక్కనే ఉన్న మౌండ్ సిటీలో ఇనుప కవచం తొడిగిన యుద్ధ నౌకలు తయారయ్యాయి. బానిసత్వం నుంచి తప్పించుకున్నవాళ్లు వేల సంఖ్యలో ఈ ఒడ్డుకు చేరారు. సైన్యం వాళ్లను శిబిరంలో ఉంచి, తర్వాత చాలామందిని దక్షిణానికి తిరిగి పంపింది. అయినా ఎందరో ఇక్కడే స్థిరపడ్డారు. 1870 నాటికి ఊళ్లో పావు వంతుకు పైగా నల్లజాతి వారే. రేవులో మూటలు మోసిందీ, కరకట్టల మీద మట్టి పోసిందీ ఎక్కువగా వాళ్లే.

యుద్ధం తర్వాతి ఇరవై ఏళ్లు కేరోకు మంచి కాలం. 1872లో కట్టిన కస్టమ్స్ హౌస్ రాతి భవనం, పిండి వర్తకుడు గాలిగర్ కట్టుకున్న మాగ్నోలియా మేనర్ ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. 1889లో ఒహాయో మీద రైలు వంతెన పూర్తయింది. ఊరంతా పండగ చేసుకున్న ఆ వంతెనే ఊరి ఆదాయానికి గండి కొట్టింది. అప్పటిదాకా రైలు పెట్టెలను పడవల మీద దాటించేవారు, కాబట్టి అందరూ ఇక్కడ ఆగేవారు. ఇక ఆగాల్సిన పని లేదు. 1905లో కొంచెం ఎగువన థీబ్స్ దగ్గర మిసిసిపి మీద మరో వంతెన రావడంతో పడమటి రైళ్లకు కూడా కేరోతో పని తీరింది.

అంటే భౌగోళిక కారణం 1905కే దాదాపు పూర్తయింది. అయినా జనాభా ఆ తర్వాత పదిహేనేళ్లు పెరుగుతూనే వచ్చింది. 1940లో కూడా 14 వేలు దాటే ఉంది. వంతెనల దెబ్బను ఊరు తట్టుకుంది. తప్పంతా వంతెనలదేనని వాదించేవాళ్లు ఈ అంకెను ఎందుకో ఎప్పుడూ దాటేస్తారు.

1909 నవంబరు 11 రాత్రి సంగతి చెప్పకుండా ఈ ఊరి కథ చెప్పలేం. ఒక తెల్లజాతి యువతి హత్య కేసులో విల్ జేమ్స్ అనే నల్లజాతి కార్మికుణ్ని షెరిఫ్ (ఆ జిల్లా పోలీసు అధిపతి) అదుపు నుంచి మూక లాక్కొచ్చింది. విచారణ లేదు, తీర్పు లేదు. ఊరి నడిబొడ్డున, వ్యాపారుల ఘనతకు గుర్తుగా విద్యుద్దీపాలు అమర్చిన ఒక తోరణం ఉండేది. దాని దీపాలు వెలిగించి, వేల మంది చూస్తుండగా అక్కడే ఉరి తీశారు. తాడు తెగితే కాల్చారు. శవాన్ని తగలబెట్టారు. అదే రాత్రి జైల్లో ఉన్న ఒక తెల్లజాతి ఖైదీని కూడా బయటికి లాగి చంపారు. గవర్నర్ చార్లెస్ డెనీన్ సైనిక దళాలను పంపాల్సి వచ్చింది.

ఇల్లినాయ్‌లో 1905 నుంచి ఒక చట్టం ఉండేది. దాని ప్రకారం, తన అదుపులోని మనిషిని మూకకు వదిలిన షెరిఫ్ పదవి పోయేది. తిరిగి కావాలంటే గవర్నర్ ముందు తన తప్పు లేదని నిరూపించుకోవాల్సి వచ్చేది. షెరిఫ్ ఫ్రాంక్ డేవిస్ ఆ అర్జీ పెట్టుకున్నాడు. కేరోలోని నల్లజాతి పెద్దలు కొందరు సైతం ఆయనకు మద్దతుగా ఉత్తరాలు రాశారు. అప్పుడు చికాగో నుంచి, మూకహత్యల మీద పోరాడుతున్న నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ వచ్చారు. ఊళ్లో తిరిగి వివరాలు సేకరించారు, ఉత్తరాలు రాసినవాళ్లతో మాట్లాడి మనసు మార్పించారు, రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్లి షెరిఫ్ తరఫు న్యాయవాదులకు ఎదురు నిలిచి వాదించారు. గవర్నర్ షెరిఫ్‌ను తిరిగి తీసుకోలేదు. మూకహత్యలకు పాల్పడినవాళ్లకే కాదు, చూస్తూ ఊరుకున్న అధికారికీ మూల్యం ఉంటుందని ఆ ఒక్క ఉత్తర్వు చెప్పింది. కేరో చరిత్రలో న్యాయం గట్టిగా పనిచేసిన సందర్భాలు తక్కువ. అది కూడా ఊరి బయటి నుంచి వచ్చిన మనిషి వల్ల జరిగింది.

ఊరు దానికి తన జవాబు తాను చెప్పింది. 1913లో వార్డుల వారీ ఎన్నికలు తీసేసి, ఊరంతా ఒకే నియోజకవర్గంగా కమిషన్ పాలన తెచ్చుకుంది. జనాభాలో మూడో వంతుకు పైగా ఉన్నా నల్లజాతి వారు ఇక గెలవలేరు. కోర్టు ఒప్పందంతో ఆ పద్ధతి మారింది 1980లో.

1960లకు వచ్చేసరికి ఊళ్లో పని తగ్గిపోయింది. మిగిలిన ఉద్యోగాలు దుకాణాల్లోవి, బ్యాంకుల్లోవి, పురపాలక సంఘంలోవి. వాటిలో నల్లజాతి వారికి చోటు లేదు. వాళ్ల డబ్బుకు చోటుంది గానీ, గల్లా పెట్టె దగ్గర కూర్చునే అర్హత లేదు. ఈత కొలనును క్లబ్బుగా ప్రకటించి, సభ్యత్వం తెల్లవారికే ఇచ్చారు. ప్రమాదమని తెలిసినా నల్లజాతి పిల్లలు నదిలోకి దిగి ఈదేవారు. 1962 వేసవిలో విద్యార్థులు ఆ కొలను ముందు నిరసనకు దిగారు. తర్వాత అమెరికా కాంగ్రెస్ సభ్యుడైన జాన్ లూయిస్ వాళ్లలో ఒకరు. అందరినీ రానిస్తే సరిపోయే చోట, నిర్వాహకులు కొలనునే మూసేశారు. ఆ తర్వాత కాంక్రీటుతో నింపేశారు. తెల్లజాతి పిల్లలకు కూడా ఇక ఈత లేదు. ఊరి తర్వాతి చరిత్రంతా ఆ పద్ధతిలోనే నడిచింది.

1967 జులైలో సెలవు మీద ఇంటికి వచ్చిన 19 ఏళ్ల నల్లజాతి సైనికుడు పోలీసు స్టేషనులో శవమై కనిపించాడు. ఉరి వేసుకున్నాడన్నారు పోలీసులు. ఎవరూ నమ్మలేదు. అల్లర్లు చెలరేగి రాష్ట్ర రిజర్వు సైన్యమైన నేషనల్ గార్డ్ దిగింది. తెల్లజాతి పౌరులు తెల్ల టోపీలు పెట్టుకుని సాయుధ ముఠాగా గస్తీ తిరిగారు. రాష్ట్ర ప్రభుత్వం జోక్యం చేసుకుంటే గానీ 1969లో ఆ దళం రద్దు కాలేదు. అదే ఏడాది వసంతంలో రెవరెండ్ చార్లెస్ కోయెన్ నాయకత్వాన యునైటెడ్ ఫ్రంట్ ఏర్పడింది. తెల్లవారి దుకాణాల్లో కొనవద్దని పిలుపునిచ్చింది. అడిగింది పెద్ద కోరికలేమీ కాదు. దుకాణాల్లో ఉద్యోగాలు, పోలీసుల్లో చోటు, మర్యాద. నల్లజాతి కుటుంబాలు ఉండే పిరమిడ్ కోర్ట్స్ ప్రభుత్వ గృహాల మీదికి రాత్రులు కరకట్ట వైపు నుంచి కాల్పులు జరిగేవి. పిల్లలను స్నానాల తొట్టెల్లో పడుకోబెట్టిన తల్లుల సంగతులు ఆనాటి వాళ్లు చెప్పారు.

బహిష్కరణ ఏళ్ల తరబడి సాగింది. ఊళ్లో ఇద్దరు ముగ్గురు నల్లజాతి యువతులను గుమాస్తాలుగా పెట్టుకుంటే చాలా దుకాణాలు నిలిచేవి. పెట్టుకోలేదు. షట్టర్లు దించి వెళ్లిపోయారు. 1972లో పౌరహక్కుల కమిషన్ వచ్చి విచారణ జరిపి, మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. 1960లో 9,348గా ఉన్న జనాభా 1970కే 6,277కు పడింది.

బహిష్కరణే ఊరిని చంపిందనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. లెక్క తెలిసిన వ్యాపారి ఎవరైనా, తన ఖాతాదారుల్లో మూడో వంతుకు పైగా అలిగి దూరంగా ఉంటే ముందు ఏం అడుగుతున్నారో వింటాడు. వినకుండా దుకాణమే మూసేస్తే, తప్పు కొననివాడిదా, వినని వాడిదా? ఈ వాదన చేసేవాళ్లు దుకాణం యజమానికి నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ ఉన్న సంగతే మరిచిపోతారు.

పొరుగున చూస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. పెడూకా కూడా ఒహాయో ఒడ్డు ఊరే. 1937 వరదలో మునిగింది. 1950ల్లో ప్రభుత్వ యురేనియం శుద్ధి కర్మాగారం వచ్చింది, పడవ రవాణా కంపెనీలు అక్కడ స్థిరపడ్డాయి. ఇప్పుడు జనాభా 27 వేలు. మిసిసిపి మీద కేప్ జిరార్డోలో 1873 నుంచి విశ్వవిద్యాలయం ఉంది. అక్కడ జనాభా దాదాపు 40 వేలు. ఆ రెండు ఊళ్లూ జాతివివక్ష విషయంలో పుణ్యక్షేత్రాలేమీ కావు. కానీ కొత్త ఉపాధి వెతుక్కోవాల్సిన దశకంలో వాళ్లు తుపాకులు పట్టుకుని కూర్చోలేదు. తుపాకులు మోగే ఊళ్లో కర్మాగారం పెట్టడానికి ఎవరొస్తారు?

ఆ తర్వాతవి వరసగా జరిగిపోయాయి. 1978లో ఇంటర్‌స్టేట్ 57 వంతెన ఊరికి కాస్త ఎగువన మిసిసిపిని దాటేసింది. చికాగో నుంచి మెంఫిస్ వైపు కారులో వెళ్లే తెలుగు కుటుంబాలెన్నో ఈ ఊరి పేరు చూడకుండానే ఆ వంతెన దాటుతుంటాయి. 1980ల్లో ఆసుపత్రి మూతపడింది.

2011 వసంతంలో ఒహాయో, మిసిసిపి ఒకేసారి పొంగాయి. మే 2న కేరో దగ్గర నీటిమట్టం 61.72 అడుగులకు చేరింది. 1937 రికార్డు 59.5. కరకట్ట లోపలి వైపు ఇసుకతో కలిసి నీళ్లు ఊటలుగా ఉబికాయి. 1928 చట్టం ప్రకారం ఇలాంటి రోజు కోసమే మిస్సౌరీ వైపు బర్డ్స్ పాయింట్ - న్యూ మాడ్రిడ్ వరద మార్గం ఉంది. గట్టు పేల్చి నీటిని 1,30,000 ఎకరాల మీదికి వదలాలి. ఆ పొలాలను అవసరమైతే ముంచే హక్కును ప్రభుత్వం ఎప్పుడో కొనుక్కుంది. అయినా మిస్సౌరీ రాష్ట్రం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, ఓడింది. పొలాలు మునగాలా, కేరో మునగాలా అని విలేకరులు అడిగితే మిస్సౌరీ శాసనసభ స్పీకరు కేరోయే అన్నారు. మీరెప్పుడైనా కేరో చూశారా అని ఎదురు అడిగారు. తర్వాత క్షమాపణ చెప్పారనుకోండి. సైనిక ఇంజనీర్ల దళపు జనరల్ మైకేల్ వాల్ష్ ఆదేశంతో ఆ రాత్రి గట్టు పేలింది, కేరో బతికింది. మునిగిన వాటిలో పిన్‌హుక్ అనే నల్లజాతి రైతుల పల్లె ఉంది. ఆ చోట అది మళ్లీ లేవలేదు. వరద ఎటు తిరిగినా నష్టం ఎవరి ఇంటి మీద పడిందో గమనించాలి.

2016లో స్థానిక గృహ సంస్థను కేంద్ర గృహనిర్మాణ శాఖ తన ఆధీనంలోకి తీసుకుంది. ఏళ్ల పాటు నిధులు పక్కదారి పట్టాయనీ, ఇళ్లు బాగుచేయలేని స్థితికి చేరాయనీ తేలింది. 2017లో ఎల్మ్‌వుడ్, మెక్‌బ్రైడ్ ప్రభుత్వ గృహ సముదాయాలను మూసేస్తామని ప్రకటించి, ఇంచుమించు 400 మందిని ఖాళీ చేయించింది. అందులో పెద్ద భాగం పిల్లలు. అంత చిన్న ఊళ్లో అంతమంది పిల్లలు వెళ్లిపోతే బడి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇక్కడ కూడా వాడిన మందు పాతదే. బాగుచేయడం కష్టం, మూసేయడం తేలిక.

ఇప్పుడు ఆశలన్నీ నదీ రేవు మీద ఉన్నాయి. ఇక్కడి నుంచి సముద్రం దాకా మిసిసిపిలో లాకులు లేవు కాబట్టి పెద్ద పడవలు నేరుగా వచ్చి పోగలవని లెక్క. 2020లో రాష్ట్రం ఇందుకు 4 కోట్ల డాలర్లు కేటాయించింది. 2023లో సహకార పద్ధతిలో ఒక కిరాణా దుకాణం కూడా తెరిచారు. అంతకుముందు ఏళ్ల తరబడి కూరగాయల కోసం పక్క రాష్ట్రానికి వెళ్లాల్సి వచ్చింది.

రేవు వస్తే మంచిదే. కానీ 2017లో వెళ్లగొట్టిన కుటుంబాలు తిరిగి రావాలనుకున్నా, అద్దెకు దిగడానికి పనికొచ్చే ఇళ్లు ఊళ్లో కరువు. రేవులో ఉద్యోగం దొరికినవాళ్లు పెడూకా నుంచో, కేప్ జిరార్డో నుంచో కారులో వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. జీతం అక్కడే ఖర్చవుతుంది, పిల్లలు అక్కడే చదువుకుంటారు. రేవుకు పెట్టే డబ్బులో కొంతైనా ముందు ఇళ్లకు పెట్టాలి, ఖాళీ చేయించిన కుటుంబాలకు ఆ ఇళ్లలో తొలి హక్కు రాసివ్వాలి. అలాంటి షరతు లేకుండా స్థానికులకే ఉద్యోగాలని ఎంత చెప్పినా, ఆ స్థానికులు ఎక్కడ కాపురం ఉంటారో చెప్పనట్టే.