కవరు విప్పాకే నిద్ర పట్టింది

"ఆందోళన మొదలైతే ఆ ఆలోచనను పక్కన పెట్టేయండి" అని దిగులు తగ్గించుకోవడం మీద మీరు వేసిన వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. పక్కన పెట్టాల్సింది ఆలోచనని, పనిని కాదు. నేను రెండూ కలిపి పెట్టేశాను, అదీ సొరుగులో!

లోన్ వాయిదా తప్పినప్పుడు బ్యాంకు నుంచి ఒక కవరు వచ్చింది. తొమ్మిది రోజులు విప్పలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. అందులో ఏముందో నేనే ఊహించుకునేవాడిని: నోటీసు, కోర్టు, ఇల్లు పోవడం. పదో రోజు విప్పితే ఒకే పేజీ, ఫలానా తేదీలోగా వచ్చి మాట్లాడమని. ఒక్క ఫోన్‌తో గడువు మారింది. నా నాన్చుడు పుణ్యమా అని జరిమానా మాత్రం కొంచెం ఎక్కువే పడింది.

ఆ తర్వాత నాకు పనికొచ్చింది అమెరికా మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో ప్రచురించిన పద్ధతి. రోజూ ఒకే వేళకి, ఒకే చోట అరగంట కూర్చుని దిగులు పడటం, మిగతా వేళల్లో వచ్చే దిగులును ఆ అరగంటకు వాయిదా వేయడం. వినడానికి నవ్వొస్తుంది. సాయంత్రం ఆరింటికి కాగితం తీసుకుని, ఒక్కో దిగులు పక్కన రేపు చేయగలిగిన పని రాస్తాను: ఎవరికి ఫోన్ చేయాలి, ఏ కాగితం వెతకాలి. పక్కన రాయడానికేమీ లేనివి ("అందరూ ఏమనుకుంటారో" బాపతు) కొట్టేస్తాను. పూర్తిగా పోవు, మొండివి. పడుకునే ముందు మాత్రం ఈ పని పెట్టుకోకండి. నేను పెట్టుకున్నాను, ఉన్న నిద్రా పోయింది.

గుండె దడ వస్తున్నా, వారాల తరబడి నిద్ర లేకపోయినా కాగితం చాలదు, డాక్టరుకి చూపించుకోవాలి. వ్యాసంలో ఈ మాట లేదు, దయచేసి చేర్చండి.