సవరణ: మెదడు చిన్న రక్తనాళాల జబ్బులో పొటాషియం ఛానళ్లు

మెదడు చిన్న రక్తనాళాల జబ్బు గురించిన ముందటి పోస్టులో 'ఈ జబ్బులో పొటాషియం ఛానళ్లు బలహీనపడతాయి' అని ఉంది. (పొటాషియం ఛానళ్లంటే కణాల పొరలో పొటాషియం రాకపోకలకు ఉండే ద్వారాలు.) ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదవాలి: ఏ నాళంలో, ఏ ఛానల్ అన్నదాన్ని బట్టి బలహీనపడటమూ ఉంది, మితిమీరడమూ ఉంది.

కేశనాళికల గోడ కణాల్లో ఉండేది కిర్ 2.1 అనే పొటాషియం ఛానల్. నాడీకణాలు చురుగ్గా పనిచేసినప్పుడు వాటి చుట్టూ పొటాషియం కాస్త పెరుగుతుంది. దాన్ని పసిగట్టి ఈ ఛానల్ తెరుచుకుంటుంది. అక్కడ పుట్టిన విద్యుత్ సంకేతం వెనక్కి పాకి, పైనున్న చిన్న ధమనిని వెడల్పు చేస్తుంది. అవసరమైన చోటికే రక్తం అందుతుంది. ఈ చిన్న రక్తనాళాల జబ్బులో ఒక రకం కడాసిల్; అది నాచ్ 3 జన్యులోపంతో వంశపారంపర్యంగా వస్తుంది. ఆ లోపం ఉండేలా ప్రయోగశాలలో పెంచిన ఎలుకల్లో ఈ స్పందన తగ్గింది. ఛానల్ పనికి కావాల్సిన పిప్ 2 అనే కొవ్వు పదార్థం అందిస్తే మళ్లీ కోలుకుంది.

అవే ఎలుకల చిన్న ధమనుల కండర కణాల్లో మాత్రం కథ తిరగబడింది. అక్కడ కండరాన్ని సడలించే కెవి 1 రకం పొటాషియం ఛానళ్లు ఎక్కువయ్యాయి. దాంతో రక్తపోటు పెరిగినా నాళం తగినంత బిగుసుకోలేదు. నాకైతే జబ్బులో అసలు చిక్కు ఇదే అనిపిస్తుంది: అన్ని ఛానళ్లనూ ఒకేసారి తెరిచే మందు ఒకచోట మేలు చేసినా, ఇంకోచోట ఉన్న లోపాన్ని పెంచొచ్చు.

ఇంకొకటి. 'అయితే పొటాషియం ఎక్కువ తింటే సరిపోతుందా?' అని కొందరు అడిగారు. సరిపోదు. ఇక్కడ మాట్లాడుతున్నది మెదడు కణాల మధ్య ద్రవంలోని పొటాషియం గురించి. రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అవరోధం దాన్ని విడిగా అదుపులో ఉంచుతుంది. పైగా ఆ ద్రవంలో అది మరీ పెరిగితే నాళాలు వెడల్పు కాకపోగా బిగుసుకుంటాయి.