జోడు బాణాల గుర్తు గారికి

మహారాజరాజశ్రీ 'చాలాసార్లు ఫార్వర్డ్ అయినది' గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు వాట్సాప్ మెసేజ్ నెత్తిన, బూడిదరంగులో, కళ్లజోడు పెట్టుకుంటే తప్ప ఆనని సైజులో కొలువై ఉంటారు. నిన్న ఆదివారం తమరు ఉండాల్సిన చోట లేకపోవడం వల్ల జరిగిన ఘనకార్యం మనవి చేసుకుందామని ఈ ఉత్తరం.

కథల గ్రూపులో ఒకావిడ కర్ణుడి మీద ఫ్యాన్ ఫిక్షన్, అంటే ఉన్న కథలోని పాత్రలతో అభిమానులు సొంతంగా అల్లే కథ, పెట్టింది. కుంతే తన తల్లని అతనికి యుద్ధానికి పదేళ్ల ముందే తెలిసుంటే ఏమయ్యేదన్నది కథ. మొదటి లైనులోనే 'ఇది వ్యాసుడు రాసింది కాదు, నా ఊహ' అని చెప్పి, చివర పేరు పెట్టుకుంది. భోజనాలయ్యేలోపు అదే కథ ఇంకో గ్రూపులో 'మహాభారతంలో మన నుంచి దాచిపెట్టిన సత్యం' అయి తేలింది. మొదటి లైను లేదు, చివరి పేరూ లేదు. సాయంత్రానికి అందులో కర్ణుడు దుర్యోధనుడితో అనే మాటొకటి తీసి, ఓ నాయకుడి ఫోటో పక్కన, ఆయనే నిండు సభలో అన్నట్టు తిప్పారు. అవతలి పార్టీ అభిమానులు ఊరుకుంటారా? ఖండించారు. కర్ణుడిని!

ఇంత ఊరేగింపులో ఎక్కడా తమరి జాడ లేదు. ఉండదు. ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు కదా. కాపీ చేశారు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు తెలియనివి కావు. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లొచ్చారన్న పుకార్లు ప్రాణాలు తీశాక, 2018లో ఫార్వర్డ్ లేబుల్ వచ్చింది. మన దేశంలో ఒకేసారి ఐదు చాట్లకే పంపాలన్న హద్దూ అప్పుడే వచ్చింది. 2020 ఏప్రిల్‌లో, కషాయాల సీజన్‌లో, ఐదు చేతులు దాటి వచ్చినదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపాలన్నారు. బాగుంది. కానీ ఆ లెక్క అతుక్కుని ఉండేది మెసేజ్‌కి, అందులోని అక్షరాలకు కాదు. వేలితో నొక్కిపట్టి, కాపీ కొట్టి, పక్క చాట్‌లో పేస్ట్ చేస్తే అది కొత్త మెసేజ్. ఊరంతా తిరిగొచ్చిన పుకారు కూడా పురిటిబిడ్డలా మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. అక్షరాలు చూసి పట్టుకుందామంటే, ఎన్‌క్రిప్షన్ వల్ల కంపెనీకే ఆ అక్షరాలు కనబడవు.

ఆనవాళ్లు అసలే ఉండవని కాదు. ఒక్క మెసేజ్ కాపీ చేస్తే ఏమీ రాదు గానీ, రెండు మూడు కలిపి సెలెక్ట్ చేశారా, తేదీ, టైము, పంపినవాడి పేరు బ్రాకెట్లతో సహా దిగిపోతాయి. అందుకే దేశభవిష్యత్తు తేల్చే రహస్య నివేదిక నెత్తిన '[12/4, 7:41] చిన్న బావమరిది కొత్త నంబర్:' అని ఉంటుంది. బోల్డ్ కోసం పెట్టిన నక్షత్రాల్లో ఒకటి ఊడి ఒకటి మిగులుతుంది. 'నేటి నుంచి అమలు' అంటుంది, ఆ నేడు ఏ సంవత్సరానిదో ఉండదు.

ఫ్యాన్ ఫిక్షన్ రాసేవాళ్లను మాత్రం పనీపాటా లేనివాళ్లంటారు. అలాంటి కథలుండే 'ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్' అనే వెబ్‌సైటులో కథ పెట్టాలంటే రేటింగ్, హెచ్చరికలు, ఏ మూలకథ మీద రాశారన్నది నింపందే లోపలికి రానివ్వరు. హెచ్చరిక ఇవ్వడం ఇష్టం లేకపోతే, ఇవ్వదలచుకోలేదని అయినా టిక్కు పెట్టాలి. మనకైనా ఇది కొత్తా? వ్యాసభారతంలో శశిరేఖ లేదు. పాండవులు ఒక్క సీనులోనూ కనబడని మాయాబజార్‌ని 1957 నుంచి చూస్తున్నాం, దాచిన సత్యం బయటపడిందని ఎవరూ కేకలు పెట్టలేదు. కల్పన అని తెలిసే చప్పట్లు కొట్టాం. నిజానికి అసలు సిసలు ఫ్యాన్ ఫిక్షన్ రాజకీయ ఫార్వర్డే. రాసింది అభిమాని, హీరో వాళ్ల నాయకుడు, మూలకథతో సంబంధం నామమాత్రం. ట్యాగులే ఉండవు. పెట్టని పోటీలో జనగణమనకు యునెస్కో మొదటి బహుమతి ఇచ్చిన కథ ఇన్నేళ్లుగా తిరుగుతూనే ఉంది, దాని రచయిత ఎవరో గానీ!

ఇక మర్యాదగా చర్చిద్దామనుకునేవాడి గతి. ఒక్క విషయమే తీసుకుని, ఆ మెసేజ్‌కే రిప్లై కొట్టి, 'అన్నా, ఆ జీవో నంబరు, తేదీ చెప్తారా?' అంటాడు. 'నీకెందుకంత మండుతోంది తమ్ముడూ?' అని జవాబు. ఈలోపు నాలుగు గుడ్ ఈవెనింగ్ గులాబీలు. తన పార్టీ పోస్టు పెట్టిన మరుక్షణం 'గ్రూపులో రాజకీయాలొద్దు' అనే పెద్దమనిషి ప్రతి గ్రూపుకీ ఒకడుంటాడు. ఆ పైన అడ్మిన్ తాళం వేసేస్తాడు. సభ్యులు పెట్టినదానికి అడ్మిన్ బాధ్యుడు కాడని కేరళ హైకోర్టు 2022లోనే చెప్పినా మనవాడి వణుకు తగ్గలేదు. అలిగి వెళ్లిపోదామన్నా, 'లెఫ్ట్' అన్నది ఇప్పుడు అడ్మిన్‌కే కనబడుతుంది.

కథలు రాసేవాళ్లు తెలివి మీరారు. పేరు చివర పెట్టడం మానేసి, కోస్తే వాక్యం కుంటుపడేలా మధ్యలో ఇరికిస్తున్నారు. పీడీఎఫ్ చేసి ప్రతి పేజీ అడుగునా వేస్తున్నారు. పీడీఎఫ్ అంటే సగంమంది తెరవరు, అది వేరే సంగతి. రేపు కర్ణుడి గుర్రానికి రచయిత్రి పేరు పెట్టుకోవాలేమో.

అయినా తమర్ని అని ఏం లాభంలే. ఇది బద్ధకం కొద్దీ జరిగింది కాదు. ఫార్వర్డ్‌కి నొక్కి, పేరు ఎంచి, పంపితే అయిపోయేది. ఈ మహానుభావుడు అంతకంటే ఎక్కువ కష్టపడ్డాడు. కాపీ చేశాడు, పైకి జరిగి 'నా ఊహ' అన్న లైను చెరిపాడు, 'ఇంకా చదవండి' దాటి అడుగుదాకా వెళ్లి, ఆవిడ పేరు దగ్గర ఆగి, ఒక్కో అక్షరమే వెనక్కి కొట్టుకుంటూ వచ్చాడు. పేరు ఎవరిదో చదివే చెరిపాడు.

ఇట్లు,
ఆ కథను మొదటి లైనుతో సహా చదివినవాళ్లలో ఒకరు