కోటకు పొజెషన్ వచ్చింది

పండక్కి ఊరెళ్లిన బెంగళూరు తెలుగువాణ్ణి చుట్టాలు అడిగే ప్రశ్న ఒకటే. "ఇల్లు కొన్నావా?" ఇన్నేళ్లూ ఈ ప్రశ్నకు నేల చూపులు చూశాను. ఈ సంక్రాంతికి మాత్రం తలెత్తి జవాబు చెప్పబోతున్నాను. ఇల్లు ఇంకా చేతికి రాలేదు పెదనాన్నా, కోట వచ్చింది.

నిజంగానే వచ్చింది. రెండు వరసల గోడలు, మూలమూలకీ బురుజులు, చుట్టూ కందకం, లోపల గుర్రాలు. తూర్పు ముఖం. మారతహళ్లిలో మా అద్దె ఇంటి హాల్లో, ఇస్త్రీ బల్ల పక్కన ఉంది. ఏడేళ్ల కిందట బుక్ చేసిన ఫ్లాటు మాత్రం ఇంకా బ్రోచర్లోనే ఉంది. బిల్డరు పేరు చెప్పను. చెప్పకపోయినా మీ బిల్డరు గురించే రాస్తున్నానని మీకు అనిపిస్తుంది.

ఆస్తి లెక్క చెబుతాను, మీరే సరిచూసుకోండి. నాది బొమ్మ కోట, 1/72 స్కేలు. అసలు ప్రపంచంలోని ప్రతి కొలతా ఇక్కడ డెబ్బైరెండో వంతు. పొడవుకు 72, వెడల్పుకు 72, గుణిస్తే 5,184. నా బల్ల రెండడుగులకు రెండడుగులు, అంటే నాలుగు చదరపు అడుగులు. ఆ లెక్కన నేను 20,736 చదరపు అడుగుల ఆస్తికి యజమానిని. సర్జాపుర రోడ్డులో ఇంత ఇల్లున్నవాడి కారు కనబడితే సెక్యూరిటీ వాళ్లు లేచి సెల్యూట్ కొడతారు. నాతో మా ఆవిడ, "ఆ బల్ల కాస్త జరపండి, తుడవాలి" అంటుంది.

ఫ్లాటు కొన్నవాళ్లకు సూపర్ బిల్టప్ అనే మాట తెలుసు. మెట్లు, లిఫ్టు, మనం ఎప్పటికీ వెళ్లని జిమ్ము, అన్నిట్లో మన వాటా కలిపి 1,180 చదరపు అడుగులు అంటారు, మంచం వేశాక నడవడానికి దారి ఉండదు. మా బొమ్మల ప్రపంచంలోనూ ఈ మాయ ఉంది. డబ్బా మీద 28 మిల్లీమీటర్ల సైనికుడు అని ఉంటుంది. పాదం నుంచి కళ్ల దాకా 28 అని ఒక వర్గం, నడినెత్తి దాకా అని ఇంకో వర్గం. హెల్మెట్ కొలతలోకి వస్తుందా రాదా అన్నదాని మీద పెద్దమనుషులు మాటలు మానేసుకున్నారు. అది చాలక హీరోయిక్ స్కేలని ఇంకొకటి. రంగులు వేయడానికి వీలుగా తల, చేతులు ఒంటికి మించి పెద్దగా పోస్తారు. సినిమా హాళ్ల ముందు కటౌట్లు చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మనకిందులో వింతేమీ ఉండదు. కానీ ఆ మనిషిని తెచ్చి 1/72 కోట ముందు నిలబెడితే సింహద్వారంలో పట్టడు. నా సైనికులు నిఖార్సయిన 24 మిల్లీమీటర్ల వాళ్లు, ఐదడుగుల ఎనిమిదంగుళాల మనుషులు. కార్పెట్ ఏరియా మాత్రమే.

నా కోటకు నమూనా వేల్స్‌లోని బ్యూమారిస్. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1295లో మొదలుపెట్టించాడు. కోటలో కోట. శత్రువు బయటి గోడ దాటొస్తే లోపలి గోడ మీంచి బాణాలు పడతాయి. ప్లాను అందంలో దీన్ని మించిన కోట బ్రిటన్‌లో లేదనేవాళ్లు చాలామంది. నేను దీన్ని ఎంచుకున్న కారణం అది కాదు. ఇది పూర్తి కాలేదు. ఇవాళ్టికీ బురుజులు అనుకున్న ఎత్తుకు లేవలేదు. మధ్యలో రాజుగారి డబ్బు స్కాట్లండు యుద్ధాల వైపు మళ్లింది. ఒక ప్రాజెక్టు సొమ్ము ఇంకో ప్రాజెక్టుకు తోలడం మనవాళ్లు కనిపెట్టిన విద్య కాదనీ, దానికి ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉందనీ తెలిశాక ఈఎంఐ కట్టేటప్పుడు మనసు కాస్త కుదుటపడింది.

కోట పని చేయించిన పెద్ద మేస్త్రీ జేమ్స్ ఆఫ్ సెయింట్ జార్జ్. ఆయనా, అక్కడి గుమస్తా వాల్టరూ కలిసి 1296 ఫిబ్రవరిలో ఖజానా అధికారులకు రాసిన ఉత్తరం ఇంకా మిగిలి ఉంది. 400 మంది తాపీ పనివాళ్లు, 2,000 మంది కూలీలు, 200 మంది రాళ్లు కొట్టేవాళ్లు, 30 మంది కమ్మర్లు, రాయి, బొగ్గు మోయడానికి 30 పడవలు. వారానికి 250 పౌన్లు లేనిదే పని నడవదని, కూలి బాకీలు పేరుకుపోయాయని, తినడానికి లేక మనుషులు నిలవడం లేదని మొరపెట్టుకున్నారు. ఉత్తరం అయిపోయాక కింద మళ్లీ ఒక ముక్క చేర్చారు. దేవుడి పేరు చెప్పి బతిమాలుతున్నాం, డబ్బు తొందరగా పంపండి, లేకపోతే ఇప్పటిదాకా చేసిందంతా దండగని. ఊళ్లో ఇల్లు కట్టించిన ప్రతివాడి ఫోన్లోనూ ఈ ఉత్తరం ఉంది. "సార్, శనివారం, కూలోళ్లకి ఇవ్వాల సార్" అని ఉంటుంది.

పర్మిషన్ల గొడవా అప్పుడే ఉంది. ఆ కాలంలో ఇంగ్లండు ప్రభువు ఎవరైనా తన ఇంటి గోడ మీద కోటకొమ్మలు, అంటే బాణాలేసేవాడు చాటుకు నిలబడే ఆ పళ్ల వరస, పెట్టుకోవాలంటే రాజుగారి దగ్గర లైసెన్సు తెచ్చుకోవాలి. ముందు కట్టేసుకుని తర్వాత క్షమాపణ పత్రం రాయించుకున్న ఘనులు కూడా ఉన్నారు. కర్ణాటకలో దీన్ని అక్రమ-సక్రమ అంటారు.

కందకం గురించి మాత్రం బెంగళూరు ఎవరి దగ్గరా నేర్చుకోవాల్సిన అవసరం లేదు. 2022 సెప్టెంబరు వానలకు కోట్ల రూపాయల విల్లాల చుట్టూ కందకాలు వాటంతటవే వెలిశాయి. లోపలి ప్రభువులు ట్రాక్టర్లెక్కి ఆఫీసులకు వెళ్లారు.

ఇక నిర్మాణం. గోడలకు వాడింది గట్టి ఫోమ్ షీటు. రాళ్ల వరసలు పెన్సిలుతో గీసి, వంటింట్లో అల్యూమినియం ఫాయిలు ఉండచుట్టి గోడ మీద నొక్కుతూ దొర్లిస్తే అచ్చం చెక్కిన రాయిలా గరుకు తేలుతుంది. వంతెన చెక్కలు ఐస్‌క్రీం పుల్లలు. నేల మీద మట్టి, వాడేసి ఎండబెట్టిన టీ పొడి. (మా ఇంట్లో చాలాకాలం పాటు టీ తాగే నిర్ణయాలు నిర్మాణ అవసరాలను బట్టి జరిగాయి.) ఇప్పుడున్నది రెండో కోట. మొదటి దానికి స్ప్రే డబ్బాతో ప్రైమర్, అంటే రంగుకు ముందు వేసే పూత, కొట్టాను. స్ప్రేలోని సాల్వెంటు ఫోమును తినేస్తుందన్న సంగతి డబ్బా మీద సన్న అక్షరాల్లో ఉండే ఉంటుంది. నా కళ్లముందే పడమటి బురుజు ఎండలో పెట్టిన ఐస్‌ఫ్రూట్‌లా కుంగింది. సిరియాలోని క్రాక్ దె షెవాలియే కోటను 1271లో సుల్తాన్ బైబర్స్ పట్టుకోవడానికి 36 రోజులు పట్టింది. నాకు నలభై సెకన్లు. ఆ వాసనకు పక్కింటివాళ్లు గ్యాస్ లీకయిందనుకుని మెయిన్ ఆఫ్ చేశారు.

కోట ఉంటే చాలదు, కాపలాకు మనుషులు కావాలి. మంచం కింద డబ్బాల్లో రెండు వందల పైచిలుకు సైన్యం ఉంది. ఎయిర్‌ఫిక్స్, ఇటలెరి, జ్వెజ్దా, ఇంగ్లండు, ఇటలీ, రష్యా కంపెనీల వాళ్లు. చాలామంది ఇంకా ప్లాస్టిక్ చట్రానికి అతుక్కునే ఉన్నారు. కత్తిరించాలి, అచ్చు గీతలు గీకాలి, ప్రైమర్, బేస్ కోటు, వాష్, డ్రై బ్రష్, హైలైట్, అన్నీ పూతల పేర్లే. ఒక్కొక్కడికి ఒక ఆదివారం. "ఉన్నవాళ్లకు రంగులేయకుండా కొత్తవాళ్లను ఎందుకు తెస్తున్నారు?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఆమె బీరువాలో ఫాల్ కుట్టించని చీరలు పదకొండున్నాయి. ఈ విషయం మీద ఇప్పుడు మా మధ్య కాల్పుల విరమణ నడుస్తోంది.

రంగు పాలంత పల్చగా కలపాలని గురువులు చెబుతారు. ఏ పాలో చెప్పరు. మా వీధిలో పోసే పాలను బట్టి కలిపితే నా మొదటి విలుకాడికి చొక్కా ఆనలేదు. తెల్లటి కత్తికి మెరుపు, గుర్రం జూలుకు నీడ, ఇవన్నీ వచ్చాయి గానీ కన్ను దగ్గర నేను ఓడిపోయాను. ఆవగింజలో పదో వంతు చోటులో తెల్లచుక్క, దానిలో నల్లచుక్క పెట్టాలి. ఊపిరి బిగబట్టి, మోచేతులు బల్లకు ఆనించి, కుంచె మొన తాకించే క్షణానికి కింద అంబులెన్సు. నా సేనలో రంగు పడినవాళ్లలో ఒక్కడికి తప్ప అందరికీ మెల్లకన్ను. విలుకాళ్లు వీళ్లే.

బురదలో మాత్రం నన్ను కొట్టేవాడు లేడు. 1415 అక్టోబరు 25న ఫ్రాన్సులోని అజింకూర్ దగ్గర ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ చేతిలో ఫ్రెంచి వీరులు ఓడిపోయారంటే ఇంగ్లండు విల్లంబులు ఎంత కారణమో, అంతకుముందు కురిసిన వాన, కొత్తగా దున్నిన నేల అంత కారణం. ఇనుప కవచాలతో మోకాలి లోతు బురదలో కూరుకుపోయారు. ఆ బురద రంగు ఎలా ఉండేదని విదేశాల్లో బొమ్మలవాళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుంటారు. నేను జులైలో బెళ్లందూరు వైపు బైకు మీద వెళ్లొచ్చి ప్యాంటు చూసి వేశాను.

ఈ మధ్య మా ఆఫీసు మిత్రుడొకాయన కోట చూసి, "జర్మనీలో ఆ అందమైన మధ్యయుగపు కోట ఉంటుందే, న్యూష్వాన్‌స్టైన్, అది కట్టాల్సింది" అన్నాడు. దానికి పునాది 1869లో పడింది. అప్పటికి బెంగళూరు కంటోన్మెంటుకు రైలొచ్చి ఐదేళ్లు. దాన్ని మధ్యయుగపు కోట అన్నవాడికి నేను కాఫీ ఇవ్వను. ఇవ్వలేదు కూడా.

ఇంతలో దసరాకు మా అత్తగారు వచ్చారు. వాళ్లది కొండపల్లి పక్క ఊరు. ఆవిడ ట్రంకుపెట్టెలో పొణికి కర్ర దశావతారాలు, అంబారీ ఏనుగు, కల్లుగీత కార్మికుడు, ఎడ్లబండి. వాటికి తోడు దారిలో కొన్న చన్నపట్న బొమ్మలు. హాల్లో ఐదు మెట్లు కట్టి తెల్లగుడ్డ పరిచారు. ఇక్కడ సమాజాన్ని నేనొక ప్రశ్న అడగదలుచుకున్నాను. ఆవిడ బొమ్మలకీ నా బొమ్మలకీ తేడా ఏమిటి? ఇద్దరివీ రంగు బొమ్మలే. ఇద్దరం ఏడాదంతా డబ్బాల్లో దాస్తాం, పిల్లల్ని ముట్టుకోనివ్వం, పక్కవాళ్లవి చూసి కుళ్లుకుంటాం. 62 ఏళ్ల ఆవిడ పెడితే పేరంటం, 42 ఏళ్ల నేను పెడితే పేషెంటు.

ఆవిడ కోట చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు.

"ఇది ఎక్కడి కోట బాబూ?"

"వేల్స్ అండీ. లండన్ అవతల."

"చూసొచ్చారా?"

"లేదండీ."

"మన కొండపల్లి కోట చూశారా?"

పద్నాలుగేళ్లుగా ఆ కొండ కింద అల్లుడి మర్యాదలు అందుకుంటున్నాను. పద్నాలుగో శతాబ్దంలో రెడ్డి రాజులు కట్టిన కోట. ఎండగా ఉందనో, పులిహోర ఎక్కువైందనో ఒక్కసారీ పైకెక్కలేదు. అంత దూరం ఎందుకు? 1537లో కెంపేగౌడ మట్టితో కట్టి, 1761లో హైదరలీ రాతితో బలపరిచిన బెంగళూరు కోటలో మిగిలిన ముక్క కె.ఆర్. మార్కెట్ పక్కనే ఉంది. అక్కడ పార్కింగ్ దొరకదని వెళ్లలేదు. బ్యూమారిస్‌లో బాణాల సందు ఏ గోడకు ఎక్కడుందో నిద్రలో అడిగినా చెబుతాను. ఆవిడకు ఇవేమీ చెప్పలేదు. "ఈసారి వెళ్దామండీ" అన్నాను. పోయిన ఏడూ అదే అన్నానని ఆవిడకు గుర్తుంది.

అడక్కుండానే నా కోట కొలువులో కలిసిపోయింది. మెట్ల పక్కన పిల్లల కోసం పార్కు పెడతారు కదా, ఆ స్థలం కేటాయించారు. పచ్చగా ఉంటుందని కందకంలో మెంతులు చల్లారు. నాలుగు రోజులకు రెండంగుళాల మొలకలొచ్చాయి. నా స్కేలులో పన్నెండు అడుగుల చెట్లు. గోడ పక్కన అంత చెట్టుంటే శత్రువు ఎక్కి లోపలికి దూకుతాడని రక్షణ దృష్ట్యా అభ్యంతరం చెప్పాను. "రోజూ నీళ్లు చల్లండి, లేకపోతే వాడిపోతాయి" అన్నారు.

మూడో రోజు చూసుకుంటే దశావతారాల్లో కల్కి గుర్రం కాలు విరిగి ఉంది. అత్తగారు నా డబ్బాలు తెరిచి వెతికారు. తెల్లగుర్రం, పైకెత్తిన కత్తి, తల మీద కిరీటం. ఐదో హెన్రీ. నేను మూడు నెలలు కష్టపడిన మనిషి, మొత్తం సేనలో రెండు కళ్లూ సరిగ్గా కుదిరిన ఒకే ఒక్కడు. బుద్ధుడి పక్కన నిలబెట్టి హెల్మెట్ మీద కుంకుమ బొట్టు పెట్టారు. ఎత్తులో బుద్ధుడి మోకాలికి వచ్చాడు. "కలి ముదిరాక వచ్చేవాడు కదా, ఇంకా దూరంలో ఉన్నాడు, అందుకే చిన్నగా కనబడుతున్నాడు" అని పేరంటాళ్లకు చెప్పారు. అజింకూర్ విజేతకు ఆ సాయంత్రం పదిహేడు మంది దణ్ణం పెట్టారు.

పేరంటానికొచ్చిన ఒక పెద్దావిడ శనగలు కొంగులో పోసుకుంటూ కోట వైపు చూసి, "ఎంతకు కొన్నారు నాయనా?" అని అడిగింది. "కొనలేదమ్మా, కట్టాను" అన్నాను. బెంగళూరొచ్చాక ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు. ఇంకోసారి అడుగుతుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను.

విజయదశమి రాత్రి కొలువు ఎత్తేముందు ఆనవాయితీగా ఒక బొమ్మను పడుకోబెట్టాలి. అత్తగారు పదో అవతారాన్ని ఎంచుకుని, గుర్రంతో సహా పక్కకు వాల్చి, జో కొట్టారు. పుటుక్కుమని కత్తి విరిగింది. ఎవరికీ వినపడలేదు. తెల్లారి సూపర్ గ్లూతో అతికించాను. కుంకుమ మాత్రం రాలేదు. తుడిస్తే కింద హైలైట్ లేచిపోయేలా ఉంది, దాని మీదే వార్నిష్ కొట్టేశాను.