నా వెన్నుపాముకి షోకాజ్ నోటీసు

పోయిన మంగళవారం సాయంత్రం నేను బోదెలో, అంటే పంట కాలవలో, పడలేదు. దీని మీద సమగ్ర విచారణ జరిపించాలని డిమాండ్ చేస్తున్నాను.

కోనసీమలో మా చేనికి వెళ్లాలంటే పంట బోదె దాటాలి. దాని మీద వంతెన పేరుతో ఒక తాటి దుంగ ఉంది. ఆ రోజు వాన వెలిసింది. దుంగ మీద నాచు, నాచు మీద నేను. అవతలి గట్టున మాజీ సర్పంచ్ గారు కనబడితే నమస్కారం పెట్టబోయాను. కుడికాలు జారింది. వెంటనే పిక్క బిగిసింది, నడుము ఎడమకి వంగింది, రెండు చేతులూ గాల్లోకి లేచి కొంగ రెక్కల్లా ఆడాయి. చూస్తే నిలబడే ఉన్నాను! గుండె దడ ఆ తర్వాత మొదలైంది. అంటే పనంతా అయిపోయాక, సంతకం కోసం ఫైలు నా టేబుల్ మీదకి వచ్చిందన్నమాట.

ఎవరిని అడిగి చేశారు?

ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. కండరం ఎంత సాగిందో కనిపెట్టే వేగులు కండరంలోనే ఉంటారు. పిక్క సాగగానే వాళ్లు వెన్నుపాముకి కబురు పెట్టారు. వెన్నుపాము పైవాళ్లకి రాయకుండానే ‘బిగించు’ అని ఉత్తర్వు ఇచ్చేసింది. రానూపోనూ సుమారు సెకనులో ఇరవయ్యో వంతు. ఆ వెనకే మెదడు కాండం, చిన్నమెదడు చేరి సవరణలు చేశాయి. నేను స్వయంగా ఆలోచించి కాలు కదపాలంటే అంతకు మూడు నాలుగు రెట్ల సమయం కావాలి. మా కాలవల కబుర్లకి ఇంత వేగం లేదు. ధవళేశ్వరంలో గోదావరి ఆనకట్ట 1852లోనే పూర్తయింది. కాలవ ఎగువన లాకు గేటు ఎత్తారన్న కబురు మా శివారుకి రావాలంటే ఇవాళ్టికీ ఎవరో ఒకరు బండేసుకుని రావాలి.

అసలు అవమానం ఇంకోటి ఉంది. నిలబడి చెయ్యి ముందుకి ఎత్తితే ఒళ్లు తూలుతుంది. ఆ తూలుకి విరుగుడుగా కాళ్ల కండరాలు చేతికంటే ముందే బిగుస్తాయి. సర్పంచ్ గారికి నమస్కారం పెట్టబోతున్న సంగతి నా చేతికంటే ముందు నా కాలికి తెలుసు! ఎవరు ఏ పార్టీలోకి దూకుతారో కూడా ముందు కాళ్లకే తెలుస్తుందని నా అనుమానం. అది వేరే వ్యాసం.

ఒక్క వంతుల విషయంలో మాత్రం వెన్నుపాముని మెచ్చుకోక తప్పదు. మోచెయ్యి ముడవాలంటే ముందువైపు కండరం బిగియాలి, వెనకవైపు కండరం వదలాలి. ఒకరికి ‘లాగు’ అని చెప్పేటప్పుడే రెండోవాడికి ‘నువ్వాగు’ అని కబురు వెళుతుంది. ఈ ఏర్పాటుని విప్పి చూపించిన ఇంగ్లండు శాస్త్రవేత్త చార్లెస్ షెరింగ్టన్. నాడీకణాల మీద చేసిన కృషికి 1932లో ఏడ్రియన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. మా దగ్గర దాళ్వాకి, అంటే రెండో పంటకి, వంతులవారీగా నీళ్లిస్తే, వంతు ఎవరిదైనా పారలు ఇద్దరి చేతుల్లోనూ ఉంటాయి. అలాంటి మోచెయ్యి ముద్దని నోటిదాకా తేలేదు.

పైగా ఈ సిబ్బంది ఏ పనీ రెండోసారి అచ్చం ఒకేలా చెయ్యరు. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే ఆయన సుత్తి దెబ్బ కొట్టే పనివాళ్లని వరసగా ఫొటోలు తీసి చూశాడు. భుజం, మోచెయ్యి, మణికట్టు దెబ్బదెబ్బకీ కొంచెం వేరుగా కదిలాయి. సుత్తి మాత్రం చేరాల్సిన చోటికే చేరింది. అంతదూరం వెళ్లక్కర్లేదు, ఆత్రేయపురంలో మా పెద్దమ్మ పూతరేకులు తీస్తుంటే చూడండి. పల్చటి బియ్యప్పిండి జారులో గుడ్డ ముంచి, బోర్లించిన వేడి కుండ మీద అలా పరిచి ఇలా లాగుతుంది. కుండ మీద పొరలాంటి రేకు మిగులుతుంది. చెయ్యి ఎలా తిప్పుతున్నావు పెద్దమ్మా అనడిగితే, “అడక్కురా, చెప్తే రేకు చిరుగుద్ది” అంది.

అయినా యజమాని యజమానే. బుధవారం పొద్దున్న నా ప్రత్యక్ష పర్యవేక్షణలో దుంగ దాటాలని తీర్మానించాను. ఒంట్లో ఆరువందల పైచిలుకు కండరాలున్నాయి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచాను. ఎడమ మడమా, లే. మోకాలూ, వంగు. కుడి పిక్కా, నువ్వాగు. మూడో అడుగు దగ్గర వంతు ఏ కాలిదో మర్చిపోయాను.

బోదెలో నీళ్లు నడుం లోతు ఉన్నాయి. పక్క తోటలో దింపు తీస్తున్న మనిషి కొబ్బరిచెట్టు మీంచే కేకేశాడు.

“ఆయ్, నిన్న సుబ్బరంగా దాటేశారు కదండీ! ఇవాళ ఏం ఆలోచించారండీ?”