“హద్దుల్లో ఉంటే ఎవరూ వేధించరు” అట!

ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. అందులో ఉన్నది ఇదీ: ఆడవాళ్లు పద్ధతిగా బట్టలేసుకుని హద్దుల్లో ఉంటే ఆఫీసులో ఎవరూ జోలికి రారు, మగవాడు ఆకర్షణ కొద్దీ కాస్త చనువు తీసుకుంటే వేధింపని గోల చేస్తున్నారు, నిజంగా జరిగితే ఆ రోజే చెప్పేవాళ్లు కదా అని.

బట్టల సంగతి ముందు తేల్చేద్దాం. నర్సులు, పోలీసులు, సైనికులు యూనిఫాంలోనే ఉంటారు. అక్కడ వేధింపులు లేవా? మగవాళ్లనూ వేధిస్తారు, మరి వాళ్ల చొక్కా గురించి ఎవరూ అడగరేం? అమెరికాలో ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే సంస్థ ఈఈఓసీ 2016 నివేదికలో వేధింపులకు దారితీసే పరిస్థితులు వరసగా రాసింది. పైవాడికీ కిందవాడికీ అధికారంలో బోలెడు తేడా ఉండటం, నలుగురూ లేని చోట పని, తాగుడు, కంపెనీకి డబ్బు తెచ్చిపెడుతున్నాడు కాబట్టి ఏం చేసినా చెల్లిపోయే ఉద్యోగి... ఇలా ఉంటుంది ఆ జాబితా. బట్టల మాట అందులో లేదు.

ఇక ఆకర్షణ. అసలు తప్పు లెక్క ఇక్కడే ఉంది. ఆకర్షణే కారణమైతే పై హోదాలో ఉన్న ఆడవాళ్లకు ఈ బెడద తగ్గాలి, ఎందుకంటే వాళ్లతో పెట్టుకుంటే ఉద్యోగమే పోతుంది. కానీ 2012లో అమెరికన్ సోషియలాజికల్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో వచ్చిన అధ్యయనంలో, సూపర్‌వైజర్లుగా ఉన్న ఆడవాళ్లకే వేధింపులు ఎక్కువని తేలింది. “నువ్వెంత ఎదిగినా నీ స్థానం ఇదే” అని గుర్తుచేయడం అన్నమాట, అందులో ఇష్టం ఎక్కడుంది? సైన్స్, ఇంజినీరింగ్, వైద్య రంగాల మీద అమెరికాలోని శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీస్ 2018లో ఇచ్చిన నివేదిక కూడా, అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది లైంగిక ప్రతిపాదనలు కాదు, ఆడవాళ్లను చులకన చేసే మాటలూ చేతలూ అనే చెప్పింది.

“సరదాగా అన్నాను, చనువు కొద్దీ చేశాను” అనేవాళ్లను కాస్త గమనించండి. నేను మునుపు పనిచేసిన చోట ఒకాయన ఉండేవాడు. కొత్తగా చేరిన అమ్మాయి స్క్రీన్ మీద ఏదో చూపించాలంటే వెనక నుంచి వంగి, ఆమె కుర్చీ మీద ఒక చెయ్యి, మౌస్ పట్టుకున్న ఆమె చెయ్యి మీద ఇంకో చెయ్యి వేసేవాడు. అదే ఫైలు డైరెక్టర్ మేడంకి చూపించాల్సి వస్తే రెండు చేతులూ వెనక కట్టుకుని బల్లకి ఇవతలే నిలబడేవాడు. హద్దు ఎక్కడుందో ఆయనకి అణువణువూ తెలుసు.

చివరిది, ఆ రోజే ఎందుకు చెప్పలేదని. పైన చెప్పిన 2016 నివేదిక ప్రకారమే, వేధింపులకు గురైన ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు మేనేజర్‌కి గానీ యూనియన్‌కి గానీ అసలు చెప్పనే లేదు. చెప్పడమంటే ఎవరికి? చాలాసార్లు ఆమె పనితీరు అప్రైజల్ ఫారం మీద సంతకం పెట్టేది ఆ వేధించినవాడే, లేదా వాడితో రోజూ కలిసి భోంచేసేవాడు. ఉద్యోగం మారాకో, వాడు బదిలీ అయ్యాకో నోరు విప్పితే దాన్ని ఆలస్యం అంటున్నారు, ఆమె దృష్టిలో భయం లేకుండా మాట్లాడగలిగిన మొదటి రోజు అదే.