నూటపన్నెండేళ్ల తర్వాత పుట్టింటికి

ఏటా జూలై వచ్చిందంటే మా బాబాయికి ఫోన్ చేసి నేను అడిగే మొదటి మాట, "ఎర్రనీరు వచ్చిందా బాబాయ్?" అని. రెండో మాట, "పులస పడుతోందా?" అని.

మాది కోనసీమలో గోదావరి గట్టును ఆనుకుని ఉన్న ఊరు. ఎగువన వానలు పడి, గోదావరి ఎర్రగా తిరిగి సముద్రం మీదికి ఉరికే రోజుల్లో విలస చేప ఆ కొత్తనీటి జాడ పట్టుకుని నదిలోకి ఎక్కుతుంది. గుడ్లు పెట్టడానికి వరదకి ఎదురీదుతుంది. ఉప్పునీళ్లలో ఉన్నంతకాలం విలస, ఏటినీళ్లలో ఈదాక పులస. చేప ఒకటే. ఆ ఎదురీతతోనే దానికి పేరూ మారుతుంది, రుచీ మారుతుంది. మా అమ్మమ్మ మట్టి దాకలో బెండకాయలు వేసి, సన్నటి సెగ మీద పులుసు పెట్టి, చివర్లో ఆవకాయ మీద తేరిన నూనె పోసేది. ఆ రోజు ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. మర్నాటికి గానీ ముక్కకి పులుసు పట్టదనేది. రాత్రంతా ఆ వాసనతోనే పడుకునేవాళ్లం.

కొన్నేళ్లుగా బాబాయి చెప్పే జవాబు ఒక్కటే. "ఎక్కడరా, రెండో మూడో పడ్డాయంట. వేలంలో ఎవరో పాడేసుకున్నారు."

ఈ వ్యాసం మొదలుపెట్టింది మాత్రం ఇంకో చేప గురించి చెప్పాలని. పులస సంగతికి మళ్లీ వస్తాను.

మేం ఉండేది అమెరికాలో, కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో. ఇక్కడ నీళ్ల కబుర్లకన్నా నిప్పు కబుర్లే ఎక్కువ. 2018 నవంబరులో మాకు ఉత్తరాన ఉన్న ప్యారడైజ్ అనే ఊరు దాదాపు మొత్తం కాలిపోయింది. ఆ మంటల్లో 85 మంది చనిపోయారు. ఆ పొగ రోజుల తరబడి మా వీధిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం పూట కూడా లైట్లు వేసుకున్నాం, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాం. మా అమ్మాయి అప్పుడు థర్డ్ గ్రేడ్. ఇప్పుడు టెన్త్ గ్రేడ్‌కి వచ్చింది. ఒక రాత్రి అన్నం తింటూ, "ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ చదవాలనుకున్నాను నాన్నా, కానీ ఎలాగూ అన్నీ పోతున్నాయి కదా, చదివి లాభమేంటి?" అంది. ఏడుపు లేదు, కోపం లేదు. హోంవర్క్ అయిపోయిందని చెప్పినంత మామూలుగా అనేసింది. నాకు భయం వేసింది ఆ మామూలుతనానికే.

"అలా అనకూడదమ్మా, అంతా బాగవుతుంది" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎందుకు బాగవుతుందో నేను చెప్పలేనప్పుడు ఆ మాట వట్టి బుజ్జగింపే. పిల్లలు ఇట్టే పట్టేస్తారు. రెండు రోజుల తర్వాత కూర్చోబెట్టి క్లామత్ నది కథ చెప్పాను. ఈ పత్రిక చదివే తల్లిదండ్రులందరూ తమ పిల్లలకి ఆ కథ చెప్పాలని నా కోరిక.

క్లామత్ నది ఆరెగాన్ రాష్ట్రం దక్షిణాన పుట్టి, కాలిఫోర్నియా ఉత్తర కొండల మధ్య నుంచి పారి పసిఫిక్‌లో కలుస్తుంది. దాని ఒడ్డున యూరోక్, కరుక్, హూపా, షాస్తా, క్లామత్ తెగల వాళ్లు వేల ఏళ్లుగా ఉంటున్నారు. మన డెల్టాకి వరి ఎంతో వాళ్లకి సాల్మన్ అంత. తిండీ అదే, పండగా అదే. సాల్మన్ నడత కూడా మన పులస లాంటిదే. ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, మూడు నాలుగేళ్లకి తను పుట్టిన వాగునీళ్ల వాసన గుర్తుపట్టి వెనక్కి వస్తుంది. నదిలోకి వచ్చాక తిండి ముట్టదు. గులకరాళ్లలో తోకతో గుంట చేసి, గుడ్లు పెట్టి, అక్కడే ప్రాణం వదులుతుంది.

1910లలో ఆ నది మీద కాప్కో అనే డ్యామ్ కట్టడం మొదలుపెట్టారు. తర్వాత ఇంకో మూడు వచ్చాయి. చివరిదైన ఐరన్ గేట్ 1960లలో పూర్తయింది. నాలుగూ కరెంటు కోసం కట్టినవే, పొలాలకి నీళ్లిచ్చేవి కావు. కాప్కో దగ్గర గానీ ఐరన్ గేట్ దగ్గర గానీ చేపలు ఎక్కి వెళ్లడానికి దారి పెట్టలేదు. ఎగువన 400 మైళ్లకు పైగా ఏరులూ వాగులూ సాల్మన్‌కి మూతపడ్డాయి. నిలిచిపోయిన నీళ్లు వేసవిలో వేడెక్కి, విషపు నాచు పట్టి, మనుషులు కూడా చెయ్యి పెట్టొద్దని బోర్డులు పెట్టే స్థితికి వచ్చాయి.

2001లో కరువొచ్చింది. చేపల కోసమని ఎగువ రైతులకి నీళ్లు ఆపేశారు. రైతులు రోడ్డెక్కారు. మరుసటి ఏడు రైతులకి నీళ్లు వదిలారు. ఆ సెప్టెంబరులో, నది సన్నబడి, నీళ్లు వేడెక్కి, జబ్బు పాకి, దిగువన 30,000కి పైగా సాల్మన్ చేపలు చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. కృష్ణా నీళ్ల కోసం ఎగువ దిగువ తగాదాలు చూసి పెరిగినవాళ్లం, అక్కడ ఎంత కసి పుట్టి ఉంటుందో మనకి ఎవరూ వివరించనక్కర్లేదు.

ఆ చచ్చిన చేపల ఫోటోలు పేపర్లన్నిటిలో వచ్చాయి. ఆ తర్వాత జరిగింది మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఆ తెగల వాళ్లు ఇరవై ఏళ్లపాటు ఆ విషయాన్ని వదల్లేదు. డ్యామ్‌ల కంపెనీకి అప్పట్లో యజమానులు స్కాట్లండ్‌లో ఉంటే అక్కడికి వెళ్లారు. కంపెనీ చేతులు మారాక వాటాదారుల మీటింగ్ జరిగే ఒమాహాకి వెళ్లారు. డ్యామ్‌ల లైసెన్సు గడువు 2006లో ముగిసింది. కొత్త లైసెన్సు కావాలంటే చేపలకి దారి కట్టాలన్నారు. లెక్క వేసుకుంటే, దారి కట్టడం కన్నా డ్యామ్‌లు తీసేయడమే చవక అని తేలింది. ఒప్పందాలు కుదిరాయి, మూలపడ్డాయి, మళ్లీ 2016లో కుదిరాయి. 2022 నవంబరులో ఆఖరి అనుమతి వచ్చింది. ఉద్యమం మొదలైనప్పుడు బళ్లో చదువుకునే పిల్లలు, పూర్తయ్యేసరికి తమ పిల్లల్ని ఎత్తుకుని గట్టు మీద నిలబడ్డారు.

2023లో చిన్న డ్యామ్ తీశారు. 2024 జనవరిలో మిగతా మూడింటి గేట్లు ఎత్తారు. దశాబ్దాలుగా పేరుకున్న ఒండ్రు ఒక్కసారిగా దిగువకి కదిలింది. నది చాక్లెట్ రంగులో పారింది. ఉన్న చేపలు కొన్ని చచ్చిపోయాయి. "చెప్పాం కదా, నదిని చంపేశారు" అన్నవాళ్లు చాలామంది. చెరువు ఒడ్డున ఇల్లు కట్టుకుని, కిటికీలోంచి నీళ్లు చూస్తూ బతికినవాళ్లకి ఆ బురద ఎంత బాధ పెట్టి ఉంటుందో కూడా మనం ఒప్పుకోవాలి. బయటపడ్డ నేలలో అక్కడి మొక్కల విత్తనాలే ఏరి తెచ్చి, కోట్ల సంఖ్యలో చల్లారు. అక్టోబరు మొదటి వారానికల్లా ఆఖరి డ్యామ్ పని కూడా అయిపోయింది.

రెండు వారాలు తిరిగాయో లేదో, ఆరెగాన్ వైపు, నాలుగు డ్యామ్‌లూ ఉన్న చోటుకి ఎగువన ఒక వాగులో సాల్మన్ కనిపించింది. సముద్రం నుంచి 200 మైళ్లకు పైగా ఈదుకుంటూ వచ్చింది. 1912 తర్వాత అక్కడికి సాల్మన్ రావడం అదే మొదటిసారి. వాటి తల్లులూ అమ్మమ్మలూ ఎవరూ చూడని చోటు అది. ఎవరూ పట్టుకెళ్లి వదల్లేదు. అడ్డు తీశారు, వెళ్లాయి. 2025 వేసవిలో ఆ తెగల టీనేజ్ పిల్లలు, మా అమ్మాయి ఈడు వాళ్లు, నది పుట్టిన చోటి నుంచి సముద్రం దాకా సుమారు 300 మైళ్లు నెల రోజులపాటు పడవలు నడుపుకుంటూ వెళ్లారు.

నేను ఈ కథ చెబుతుంటే మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేసింది. "మరి ఇది నాకెవరూ ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను ఇంకా వదల్లేదు. ఎందుకు చెప్పలేదంటే, ఏ రోజని చెబుతారు? అడవి అంటుకున్న రోజు ఒకటుంటుంది. చేపలు చచ్చిన రోజు ఒకటుంటుంది. ఇరవై ఏళ్లపాటు మీటింగులకి వెళ్లి, కాయితాలు పెట్టి, ఓడిపోయి మళ్లీ వెళ్లిన పనికి ఫలానా రోజంటూ లేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో వచ్చే కబుర్లన్నీ ఒక్క రోజులో జరిగినవే. అందుకే మంచి కబురు మన దగ్గరికి రాదు, మనమే దాని దగ్గరికి వెళ్లాలి. పిల్లల ముందు వరదలూ మంటలూ మాత్రమే మాట్లాడితే అబద్ధం చెప్పినట్టు కాదు గానీ, నిజంలో సగమే చెప్పినట్టు. ఆ సగంతోనే పిల్లలు తమ చదువు గురించీ బతుకు గురించీ నిర్ణయాలు చేసుకుంటున్నారు.

మా ఇంటి దగ్గర నది మీద అప్పుడప్పుడూ తెల్ల తల గద్ద కనిపిస్తుంది, అమెరికా ముద్ర మీద ఉండేది. 1963లో అలాస్కా, హవాయి కాకుండా దేశం మొత్తం మీద వాటి జంటలు 417 మిగిలాయి. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్ల పెంకు పలచబడి, పొదిగేటప్పుడే పగిలిపోయేవి. 1972లో డీడీటీని నిషేధించారు, గూళ్లు కాపాడారు. 2021లో చెప్పిన లెక్క ప్రకారం జంటలు 71,000 దాటాయి. ఓజోన్ పొర గురించి మన తరం వాళ్లు బళ్లో భయంభయంగా చదువుకున్నాం. 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం చేసుకుని, ఫ్రిజ్‌ల్లో, స్ప్రేల్లో వాడే, ఆ పొరని తినేసే గ్యాసులు మానేశారు. ప్రపంచంలోని దేశాలన్నీ సంతకం పెట్టిన ఒప్పందం అది. ఆ పొర మానుతోంది. అంటార్కిటికా మీది చిల్లు 2066 నాటికి పూడుతుందని ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల అంచనా. బళ్లో భయపెట్టినవాళ్లు, భయం తగ్గిందని మళ్లీ వచ్చి చెప్పలేదు.

ఒక నది బాగుపడితే లోకం బాగుపడిపోతుందా అని అడిగే స్నేహితులున్నారు. బాగుపడదు. ఇదే కాలిఫోర్నియాలో సాల్మన్ తగ్గిపోయి 2023, 2024, 2025 మూడేళ్లూ సముద్రంలో వాణిజ్య వేట మూసేశారు. క్లామత్ ఎగువ రైతుల నీళ్ల కష్టం తీరలేదు. ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను, దాచలేదు. కానీ "ఏం చేసినా లాభం లేదు" అనేది కూడా ఒక వాదనే కదా, దానికీ రుజువు కావాలి. 112 ఏళ్ల తర్వాత ఆ వాగుకి వచ్చిన చేప ఆ వాదనకి ఎదురు సాక్ష్యం.

ఇక పులస. ధవళేశ్వరం దగ్గర దాని దారి ఆగిపోతుంది. ఆనకట్ట తీసేయమని నేను అనడం లేదు. కాటన్ దొర 1852లో పూర్తి చేసిన ఆ ఆనకట్ట వల్లే మా తాతలు అన్నం తిన్నారు. ఇప్పటికీ మా వైపు ఆయన్ని తలుచుకుని దండం పెడతారు. క్లామత్ డ్యామ్‌లకీ దీనికీ పోలికే లేదు. కానీ ధవళేశ్వరం నుంచి సముద్రం దాకా ఉన్న ఆ కాస్త దారినైనా పులసకి వదిలామా అన్నదే నా ప్రశ్న. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం ఉంది. మంచిదే. కానీ పులస ఏరెక్కేది ఆ గడువు దాటాక, జూలై నుంచి. గుడ్లతో ఎదురీదే తల్లిచేప కోసం సరిగ్గా అప్పుడే నదీ ముఖంలో వలలు బారులు తీరి ఉంటాయి.

ఇదే చేపని బంగ్లాదేశ్ వాళ్లు ఇలిష్ అంటారు. అక్కడ గుడ్లు పెట్టే రోజుల్లో, అక్టోబరు ప్రాంతంలో, 22 రోజులు వేట ఆపుతారు. పిల్ల చేపల్ని పట్టనివ్వరు. ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకి ప్రభుత్వం బియ్యం ఇస్తుంది. 2002-03లో దాదాపు 2 లక్షల టన్నులున్న ఇలిష్ దిగుబడి, 2018-19కి 5 లక్షల టన్నులు దాటింది. బియ్యం చాలదని అక్కడి జాలర్లు అంటారు, దొంగచాటు వేటా ఉంది. అయినా చేప పెరిగింది. మన గోదావరిలో చేయలేనిది అందులో ఏముంది? ఎర్రనీరు తగిలిన మొదటి రెండు వారాలు వల దించకుండా ఉంటే, ఆ రెండు వారాల కూలి జాలరి ఇంటికి ముందే చేరితే? మన తెలుగు సంఘంలో గోదావరి జిల్లాల వాళ్లం చాలామందిమి ఉన్నాం. గుడికీ బడికీ పంపినట్టే దీనికీ పంపగలం. ముందు ఆ జాలర్లతోనే కూర్చుని మాట్లాడాలి. నదిని మనకన్నా ఎరిగినవాళ్లు వాళ్లే. ఈసారి ఊరెళ్లినప్పుడు ఆ మాట మొదలుపెడతానని బాబాయికి చెప్పాను. "నువ్వు రా, రేవు దగ్గర కూర్చోబెడతాను" అన్నాడు.

కథ చెప్పిన ఆ నవంబరులోనే మా అమ్మాయిని మా దగ్గరి అమెరికన్ అనే నది మీద, చేప గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే నింబస్ కేంద్రానికి తీసుకెళ్లాను. పైన డ్యామ్ ఉంది కాబట్టి, అక్కడి సాల్మన్ ఎగువకి పోలేదు. మెట్లమెట్లుగా కట్టిన కాలువ ఎక్కి ఆ కేంద్రంలోకే వస్తుంది. చేతి పొడవున్న ఆడచేప ఒకటి కింది మెట్టు దగ్గర ఆగి ఉంది. తోక రెక్క అరిగి అంచులు తెల్లబడ్డాయి, వీపు మీద చర్మం లేచింది. ఎగిరింది, అంచుకి తగిలి వెనక్కి పడింది. మళ్లీ ఎగిరింది, పడింది. మా అమ్మాయి రెయిలింగ్ పట్టుకుని, పెదాలు బిగబట్టి లెక్కపెడుతోంది. ఏడోసారి దాటింది. అది దాటగానే వెనకాల ఇంకొకటి వచ్చి అదే మెట్టు దగ్గర నిలబడింది.

ఏటా నీళ్లు చల్లబడ్డాక, మామూలుగా నవంబరు మొదట్లో, అక్కడ ఆ మెట్ల కాలువ తెరుస్తారు. వచ్చే నవంబరులో ఒక శనివారం మన సంఘం పిల్లలందర్నీ తీసుకెళ్దామని కమిటీని అడుగుతున్నాను. టిక్కెట్టు లేదు. హేజెల్ ఎవెన్యూ దగ్గర, హైవే 50 పక్కనే. పొద్దున్నే వెళ్దాం. పులిహోర నేను తెస్తాను.